బల్లకు అటు దిక్కు చదువు

పెంటమ్మను మళ్లీ పనిలోకి తీసుకుంటానని శ్రీపతి సేటు ఒప్పుకున్న సాయంత్రం, మిర్యాలగూడ మిల్లు గేటు ముందు ఆడకూలీలందరూ స్వరాజ్యలక్ష్మి చేతులు పట్టుకున్నారు. ఉడికిన వడ్లలో అడుగుపడి కాళ్లు కాలిన మనిషిని, తప్పు నీదేనంటూ గేటు బయటికి పంపిన సేటు అతను. కూలీల సంఘం కార్యదర్శి భిక్షం వారం పాటు గేటు ముందు నిలబడి అరిచినా కదలలేదు. అదే భిక్షం కూతురు స్వరాజ్యలక్ష్మి లోపలికి వెళ్లి కాసేపు మాట్లాడి వచ్చేసరికి కదిలాడు. గేటు దగ్గర ఒకటే సంబరం. ఆ సంబరాన్ని సేటు ఒక్క మాటతో చల్లార్చేశాడు. కారెక్కబోతూ ఆగి, అందరూ వింటుండగా భిక్షంతో అన్నాడు.

“నీ బిడ్డ విశాఖపట్నం పోయి మా దిక్కు సదువు సదువుతదట గద భిక్షం! కూలోళ్లను నడిపే సదువు. నీకు ఎరుకనే ఉంటది.”

భిక్షానికి ఎరుక లేదు.

మిల్లు నుంచి ఇంటిదాకా తండ్రి ముందు, కూతురు వెనక నడిచారు. దారిలో హమాలీలు ఎదురై “భిక్షమన్నా, బిడ్డ గెలిచింది గదనే!” అన్నారు. తల ఊపాడే కానీ నిలబడలేదు. ఎవరు పలకరించినా ఆగి, వాళ్లింట్లో జ్వరాలూ పెళ్లిళ్లూ అన్నీ అడిగి, చిన్న దారిని పెద్దది చేసే మనిషి. ఆ రోజు ఎవరి ముఖమూ చూడలేదు.

స్వరాజ్యం ఆ సంగతి దాచాలని దాచలేదు. సూర్యాపేటలో హాస్టల్లో ఉండి బి.ఏ. చదివేటప్పుడు చంద్రకళ అనే లెక్చరర్ ఒకరోజు క్లాసు అయిపోయాక మాటల్లో చెప్పింది. పెద్ద ఫ్యాక్టరీల్లో యంత్రాలకు ఇంజనీరు ఉన్నట్టే మనుషులకూ ఒక ఆఫీసరు ఉంటాడట. ఎవరిని ఏ పనిలో పెట్టాలి, దెబ్బ తగిలితే ఏం చేయాలి, తగాదా వస్తే రెండు పక్షాలతో ఎలా మాట్లాడాలి, చట్టం ఎంతవరకు ఆదుకుంటుంది, ఇవన్నీ చూస్తాడట. అది నేర్పడానికి విశాఖపట్నంలో రెండేళ్ల చదువుందట. తోటి అమ్మాయిలు బి.ఇడి. దారి పట్టారు. స్వరాజ్యానికి ఆ మాట మాత్రం మనసులోంచి పోలేదు. ఇంటికొచ్చి దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూకు రమ్మన్నారు. నాయనకు చెప్పాలని రోజూ అనుకునేది. ఇంతలో పెంటమ్మ కాళ్లు కాలాయి, ఇల్లంతా సంఘం మనుషులతో నిండిపోయింది. చెప్పే సందు దొరకలేదు. దొరికిన ఒకటి రెండుసార్లూ ధైర్యం చాలలేదు. ఈ రోజు మాటలన్నీ తెమిలాక సేటు ఉన్నట్టుండి, “ఇంత సల్లగ మాట్లాడబడితివి, ముంగట ఏం జేస్తవ్ బిడ్డా?” అని అడిగాడు. నోటికి వచ్చింది చెప్పేసింది.

ఇంట్లో తల్లి సత్యమ్మ అప్పటికే కబురు విని, బొబ్బర్లు ఉడకేసి తాళింపు పెట్టింది. ఇద్దరి ముఖాలూ చూసి చేతిలో గంటె చేతిలోనే ఉంచుకుంది.

“పని అయిందన్నరు గద. గట్ల మొకాలు పెట్టుకొని వచ్చిన్రేంది?”

భిక్షం కాళ్లు కడుక్కున్నాడు. భుజం మీది తువ్వాలతో మెల్లగా తుడుచుకున్నాడు. అరుగు మీద కూర్చున్నాక అడిగాడు.

“సేటుకు ఎప్పుడు చెప్పినవ్?”

“ఇయ్యాలనే నాయినా. అడిగిండు, చెప్పిన.”

“నేను గూడ అడగాల్నా? అడిగితెనే చెప్తవా?”

“నువ్వు వద్దంటవని భయమయింది.”

“అంటే నేనేమంటనో నీకు ముందే ఎరుక. ఎరుకై గూడ దరఖాస్తు పెట్టినవ్.”

 సత్యమ్మ తెచ్చిన పళ్లెం అరుగు మీదే ఉండిపోయింది.

భిక్షం గొంతు పెంచలేదు. గేటు ముందు మైకు లేకుండా వందమందికి వినిపించే గొంతు అతనిది. ఇంట్లో ఎన్నడూ అలా మాట్లాడడు. ఆ సాయంత్రం ఇంకా తగ్గించి, ఒక్కొక్క మాటా తూచినట్టు అన్నాడు.

“సేటు ఆఫీసుల బల్ల సూసినవ్ గద. అటు దిక్కు కుర్సీలు. ఇటు దిక్కు మనం నిలబడాలె. నా జిందగీ అంత ఇటు దిక్కే నిలబడ్డ. బస్తాలు మోసిననాడూ నిలబడ్డ, సంఘం పెట్టిననాడూ నిలబడ్డ. నీకు సదువు చెప్పించింది నువ్వు పోయి అటు దిక్కు కూసుంటందుకేనా బిడ్డా?”

“నేను అటు దిక్కు కూసుంటలేను నాయినా. నడుమ కూసుంట. అటోల్ల మాట ఇటు, ఇటోల్ల మాట అటు చెప్పెటోళ్లు ఎవరన్న ఉండాలె గద.”

“నడుమ కుర్సీ ఉండదు. జీతం ఇచ్చెటోడు ఎక్కడ ఎయ్యమంటే గాడనే ఏస్తరు నీ కుర్సీ.”

“ఇయ్యాల నేను లోపటికి పోయిన. నాకు ఎవరు జీతమిచ్చిన్రు?”

ఆ మాటకు భిక్షం ఆమె వైపు తిరిగాడు. దారి పొడుగునా అతన్ని తొలిచిందీ అదే.

“అవును, అడుగుదామనుకున్న. ఏం చెప్పినవ్ లోపట? వారం దినాలు నా మాట ఇననోడు నీ మాట ఎట్ల ఇన్నడు?”

స్వరాజ్యం తల దించుకుంది. ఆమె లోపల చెప్పింది చాలా చిన్న సంగతి. కాళ్లు కాలి మంచంలో ఉన్న పెంటమ్మ దగ్గర రోజూ కూర్చునేది కాబట్టి ఆమెకు తెలిసింది. పెంటమ్మకు రేచీకటి. తెల్లవారకముందే వడ్లు దించి గచ్చు మీద ఎండబోసే వేళకు ఆమెకు ఏమీ కనబడదు. ఇన్నాళ్లూ పక్కవాళ్ల మాటలు పట్టుకుని, అలవాటు మీద నడుచుకుంటూ నెట్టుకొచ్చింది. ఆ రోజు దారిలో వేడి వడ్లు పారబోసి ఉన్నాయి, నేరుగా అందులోకి నడిచింది. “ఎవ్వలకు చెప్పకు బిడ్డా, మీ నాయినకు గూడ. సంఘంల తెలిస్తే ఊరంత తెలుస్తది. కండ్లు కనబడనిదాన్ని ఎవ్వలు పనిల పెట్టుకుంటరు?” అని చేతులు పట్టుకుని ఏడ్చింది. అందుకే స్వరాజ్యం సేటు ముందు కారణం ఎత్తలేదు. పెంటమ్మను పొద్దెక్కినాక షెడ్డులో బస్తాలు కుట్టే పనికి మార్చమంది. ఉడకబెట్టే చోట ఒక దీపం పెట్టించమంది, అది అందరికీ పనికొస్తుందని. ఎందుకని మాత్రం అడగొద్దంది. నినాదాలకు సిద్ధపడి కూర్చున్న సేటు, తన చేతుల్లో ఉన్న పని రెండు ముక్కల్లో వినిపించేసరికి సరేనన్నాడు.

“గది పెంటమ్మ మాట నాయినా. చెప్పొద్దన్నది.”

“నాకా? సంఘం కార్యదర్శికా?”

“సేటుకు గూడ చెప్పలే.”

“నన్నూ సేటునూ ఒక్కతాడుకే కట్టినవా!”

అది కోపం కాదు. కోపమైతే స్వరాజ్యం తట్టుకునేది. అతని ముఖంలో కనిపించింది, ఎవరో తెలియని మనిషి ఇంట్లో కూర్చుని ఉంటే చూసినట్టు ఉండే చూపు.

సత్యమ్మ అప్పటిదాకా గడప దగ్గర నిలబడి ఉంది. “ఆ సదువు పేరు నాకు నోరు తిరగది,” అంది మొగుడితో. “మంచిదో చెడ్డదో నాకు తెల్వది. కానీ పొల్ల తన బుర్రతోని తను ఆలోచించుకోవద్దనెటోనివి, స్వరాజ్యమని పేరెందుకు పెట్టినవయ్యా? సుక్కమ్మనో పుల్లమ్మనో పెట్టకపోతివా?”

 భిక్షం లేచి తువ్వాల దులిపాడు.

“రేపు పొద్దుగాల నాతోని కోదాడ రా. యాకోబు మాట ఇను. అటెనుక నీ ఇష్టం.”

మర్నాడు హుజూర్‌నగర్ మీదుగా వెళ్లే బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కాల్వ నీళ్లు వచ్చినప్పటి నుంచి ఆ దారంతా మారిపోయింది. ఒకప్పుడు జొన్నలు కూడా బతిమాలితే గానీ పండని చెలకల్లో ఆడవాళ్లు వరుసగా వంగి నాట్లు వేస్తున్నారు. ఆ వరి వల్లే మిల్లులొచ్చాయి. మిల్లుల వల్లే పాలకీడు నుంచి, త్రిపురారం నుంచి, పైన తిరుమలగిరి మెట్ట ఊళ్ల నుంచి కూడా కూలీలొచ్చారు. భిక్షం కిటికీలోంచి అదంతా చూస్తూ, చాలాసేపటికి యాకోబు సంగతి ఎత్తాడు.

“మీసాలు రాకముందు నుంచి దోస్తులం. సంఘం దినాలల్ల ఒక్క గొంగడి కప్పుకొని పండుకున్నోళ్లం. నువ్వు పుట్టినప్పుడు వాడే నిన్ను ముందుగాల ఎత్తుకున్నది. అటెనుక బతుకుదెరువుకు ఏరు దాటి ఆంధ్ర దిక్కు పోయిండు, ఒక ఫ్యాక్టరోల్ల రాళ్లగనిల పనికి. రెండు కాళ్లతోని పోయిండు.”



కోదాడలో చర్చి వెనక వీధిలో యాకోబు ఇల్లు. వాకిట్లో చాప మీద కూర్చుని నులక మంచం అల్లుతున్నాడు. కుడికాలు మోకాలి కింద లేదు. నులక లాగినప్పుడల్లా ఎడమ పాదం మంచంకోడుకు ఆనించి, ఒళ్లంతా వెనక్కి వంచుతున్నాడు. భిక్షాన్ని చూడగానే నులక వదిలేసి చేతులు చాచాడు. ఏరు అవతల ఏళ్ల తరబడి ఉండడంతో అతని మాటలో రెండు దిక్కుల యాసా కలిసిపోయింది.

“ఈమె స్వరాజ్యమా! ఎంత పిల్ల ఎంతయిందిరా భిక్షం. కూచో తల్లీ. మరియమ్మా, ఎవరొచ్చారో చూడు.”

యాకోబు భార్య మరియమ్మ మజ్జిగ తెచ్చింది. భిక్షం గ్లాసు పట్టుకుని తాగకుండానే అన్నాడు.

“యాకోబూ, ఆ ఆఫీసరు ముచ్చట మా బిడ్డకు చెప్పు.”

యాకోబు నవ్వు ఆగిపోయింది. “ఇప్పుడెందుకురా అది?”

“ఆ సదువే సదువుతదట. ఆ ఆఫీసరే అయితదట.”

యాకోబు స్వరాజ్యం వైపు చూశాడు. చెప్పడం ఇష్టం లేనట్టు మళ్లీ నులక అందుకున్నాడు. చేతులు పనిలో పడ్డాకే మాట బయటికి వచ్చింది.

“గనిలో మేం పై అంచు నుంచి దిగి రాళ్లు దొర్లించాలి. నడుముకు తాడు కట్టుకుని దిగేవాళ్లం. ఆ తాడు నలిగిపోయిందని మేస్త్రీకి నేనే చెప్పా. కొత్తది వస్తుంది, ఈ పూటకు దిగన్నాడు. దిగా. తెగింది. ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికి పక్కన ఒకాయన కూచుని ఉన్నాడు. కంపెనీలో కూలోళ్ల మంచిచెడ్డలు చూసే ఆఫీసరు. వయసులో ఉన్నోడే, మెత్తటి మనిషి. ఈ మరియమ్మకు అన్నం తెప్పించింది ఆయనే. డాక్టరుతో కొట్లాడి నాకు మంచి మందులిప్పించిందీ ఆయనే. నా సొంత తమ్ముళ్లు గూడ అంతసేపు నా దగ్గర కూచోలేదు తల్లీ.”

మరియమ్మ గుంజకు ఆనుకుని వింటోంది. తను పక్కనుండి చూసిన కథే అయినా ఆమె కళ్లు నేల మీదే ఉన్నాయి.

“ఒకనాడు పొద్దున్నే వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు యాకోబూ అన్నాడు. తాడు తెగిందని చెప్తే గని మూసేస్తారు, అందరి పనీ పోతుంది, నీవాళ్లే నిన్ను తిట్టుకుంటారు. కాలు జారానని చెప్పు. నిన్ను కంపెనీ చూసుకుంటుంది, నేనున్నాగా అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి ఒప్పుకున్నా. ఇంకెవరు చెప్పినా ఒప్పుకునేవాణ్ణి కాదు.”

“అటెనుక?” అని స్వరాజ్యం అడిగింది.

“కాలు జారిందనే చెప్పా. గేటు కాడ కావలి పనిలో కూచోబెట్టారు. మాట తప్పలా. తరువాత మేనేజరు మారాడు. కొత్తాయన, తప్పు నీదే అయినప్పుడు నిన్ను మేమెందుకు మోయాలన్నాడు. పంపించేశాడు. మేం సామాను సర్దుకుని బయటికొస్తుంటే ఆఫీసరు గుమ్మంలో నిలబడి చూస్తా ఉన్నాడు. నోరు మెదపలా.” యాకోబు నులక బిగించి ముడి వేశాడు. “ఆ కంపెనీలో నాకోసం ఏడ్చినోడు ఆయనొక్కడే. నన్ను ముంచినోడూ ఆయనే.”

 భిక్షం గ్లాసు కింద పెట్టాడు.

“ఇన్నవా బిడ్డా? వాడు చెడ్డోడైతే నేను నిన్ను ఈడికి తోలుకరాకపోతుంటి. చెడ్డోళ్లతోని కొట్లాడొచ్చు. వాడు మంచోడు. మంచోడు గనకనే యాకోబు నోరు మూసిండు. సేటులకు గసొంటోళ్లే కావాలె.”

 ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు స్వరాజ్యం దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. ఫ్యాక్టరీ చట్టం గురించి చంద్రకళ మేడం చెప్పినవి, పుస్తకాల్లో చదివినవి. అవేవీ ఆ కాలు లేని మనిషి ముందు నోట్లోంచి రాలేదు. ఆమెకు నిన్నటి సేటు ఆఫీసు కళ్ల ముందు ఆడింది. తను ఎంత మెత్తగా మాట్లాడింది! సేటు తల ఊపుతుంటే లోపల ఎంత పొంగిపోయింది! గేటు దగ్గర ఆడవాళ్లు చేతులు పట్టుకుంటే, తన మాటలో ఏదో గొప్ప ఉందనే అనుకుంది. ఆ ఆఫీసరుకూ ఆస్పత్రిలో అలాగే అనిపించి ఉంటుందా?

“ఆయన లేకపోతే ఏం జరుగుతుండె యాకోబు మామా?” అని మెల్లగా అడిగింది.

యాకోబు కంటే ముందు మరియమ్మ అందుకుంది.

“ఏం జరిగేది! మేస్త్రీ వచ్చి నాలుగు బూతులు తిట్టి ఆ మాటే చెప్పించేవాడు. అన్నం గూడ తెప్పించేవాడు కాదు.” కొంగుతో మూతి తుడుచుకుని, భిక్షం వైపు చూడకుండా ఇంకో మాట అంది. “అన్నా, నువ్వేమనుకున్నా సరే, ఒకటి చెప్తా. ఆ గనిలో మేం ఆడవాళ్లం గూడ రాళ్లు మోశాం. నెల తప్పినోళ్లుండేవాళ్లు, మేస్త్రీ చెయ్యి పడినోళ్లుండేవాళ్లు. ఆ ఆఫీసరు మంచోడే, అయితే మాత్రం మగాడికి ఏం చెప్పుకుంటాం? మాలో మేమే ఏడ్చుకునేవాళ్లం. నీ కూతురులాంటిది ఆ కుర్చీలో ఉంటే పోయి చెప్పుకునేదాన్ని నేను.”



స్వరాజ్యం తండ్రి వైపు తిరిగింది. ఇప్పుడు ఆమెకు మాటలు తడుముకోవలసి వచ్చింది, ఎందుకంటే అవి ముందే అనుకున్నవి కావు.

“నాయినా, నువ్వన్నది నిజమే. నేను గూడ గట్ల కానని ఒట్టు పెట్టలేను. నిన్న నేను చేసింది ఏంది? మెత్తగ మాట్లాడిన, గంతే. సేటు మనసుల ఏముండెనో, సరేనన్నడు. కాదంటే నా దగ్గర ఇంకేముంది? ఏ చట్టం పట్టుకొని అడుగుత? ఎవరికాడికి పోత? నాకేం తెల్వది. ఆ ఆఫీసరుకు గూడ ఏడ్చుడొక్కటే వచ్చు. తాడు తెగితే ఎవరు జవాబు చెప్పాల్నో, కాలు పోయినోనికి ఏం రావాల్నో మేనేజరు మొకం మీద చెప్పే సత్తా లేకపాయె. గందుకే యాకోబు మామను బతిమాలిండు. మేనేజరును అడుగుడు కన్న మామను అడుగుడు సులువుగ ఉండె.”

ఆగి ఊపిరి తీసుకుంది.

“మెత్తగ మాట్లాడుడు నాకు వచ్చు. అదొక్కటే వచ్చి, ఇంకేం రాకపోతే నా అసొంటిది ఎంత ప్రమాదమో ఇయ్యాల తెలిసింది. గందుకే సదువుకుంట అంటున్న. సదువకుండ పోయినా సేటులు నన్ను పిలుస్తరు నాయినా. నిన్న కారెక్కెటప్పుడు సేటు మొకం సూడలేదా నువ్వు?”

భిక్షం చూశాడు. కారెక్కేటప్పుడు సేటు ముఖం మీది నవ్వులో కోపం లేదు, పనికొచ్చే సరుకు కంటబడిన వ్యాపారి సంతోషం ఉంది. అది అతనికి నిన్ననే తెలుసు. కూతురికి కూడా తెలిసిందని మాత్రం అనుకోలేదు.

యాకోబు నులక చుట్ట పక్కన పెట్టాడు.

“ఒక్కటడుగుతా తల్లీ. రేపు నీ ముందూ అట్లాంటి మేనేజరే కూచుంటాడు. నీ ఉద్యోగం ఆయన చేతిలోనే ఉంటది. భయపడవా?”

“భయపడత,” అంది స్వరాజ్యం. “భయపడ్డనాడు ఏం చేస్తనో ఇప్పుడైతే తెల్వది.”

యాకోబు భిక్షం వైపు చూసి తల ఊపాడు. “అబద్ధం చెప్పలా ఈమె.”

భిక్షం లేచాడు. వాకిలి అంచు దాకా వెళ్లి, చర్చి గోడ వైపు చూస్తూ నిలబడి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

“నేను ఒప్పుకుంటలేను బిడ్డా. నా మనసు ఒప్పదు. కానీ ఆపను. పో, సదువు. ఒక్కటి మాత్రం యాదుంచుకో. ఏ మిల్లులనో ఫ్యాక్టరీలనో నువ్వు బల్లకు అటు దిక్కు కూసున్ననాడు, ఇటు దిక్కు కూలోళ్ల ముంగట నేను నిలబడి ఉంటే, అందరి నడుమ నన్ను నాయిన అని పిలువకు. నాకు మాట రాదు.”

 స్వరాజ్యం వెంటనే అంది.

“పిలుస్త. నాయినా అని పిలిచి, కూసోమని కుర్సీ ఏయించి, అటెనుకనే మాట్లాడుత. నీ ఒక్కనికే కాదు, నీ ఎంబడి వచ్చినోళ్లందరికీ ఏయిస్త.”

భిక్షం తిరిగి చూడలేదు. తువ్వాల భుజం మీద సర్దుకుని, బస్సు ఎప్పుడుందో కనుక్కుంటానంటూ వీధిలోకి నడిచాడు. బస్టాండు దారి చూపిస్తానని మరియమ్మ వెంట వెళ్లింది.

స్వరాజ్యం కూడా లేవబోయింది. యాకోబు చెయ్యి అడ్డం పెట్టాడు.

“జర ఆగు తల్లీ. వాడి ముందు చెప్పనిది ఒకటుంది.”

ఆమె మళ్లీ చాప మీద కూర్చుంది.

“పోయిన ఏడాది ఆ ఆఫీసరు ఇక్కడికొచ్చాడు. ఎట్లా కనుక్కున్నాడో తెలీదు. ఆ అరుగు మీద కూచున్నాడు. జుట్టంతా నెరిసింది. నన్ను పంపించేసిన కొన్నాళ్లకే ఆ ఉద్యోగం వదిలేశాడట. ఏం మాట్లాడతాడా అని చూశాను.  పోయేముందు చెప్పాడు, ఇప్పుడు పాఠాలు చెప్పుకుంటున్నానని. యాడనుకున్నావు? విశాఖపట్నంలో. నువ్వు పోతానంటున్నావే, ఆ చదువే.”

స్వరాజ్యం వెన్ను నిటారుగా అయింది.

“ఇంటర్వ్యూల గూడ ఆయన ఉంటడా?”

“ఉండొచ్చు. తెలీదు. భిక్షానికి ఇది తెలిస్తే నిన్ను పోనీయడు. అందుకే వాడి ముందు అనలా. చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం.”

“ఏం పాఠాలు చెప్తున్నడు మామా ఆయన?”

“నా సంగతే చెప్తున్నాడట. పేరు ఎత్తకుండా, ఏటేటా కొత్త పిల్లలకు ముందు అదే చెప్తాడట.”

“జరిగింది జరిగినట్టు చెప్తున్నడా? తాడు తెగిందనే చెప్తున్నడా?”

యాకోబు ఆమె ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్లుగా తనలో తాను వేసుకుంటున్న ప్రశ్న ఇంకొకరి నోట విన్నట్టు, అతని చేతులు ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి.

“అది నాకెట్లా తెలుస్తది తల్లీ? నేనడగలా. ఆయన చెప్పలా.” నులక చుట్ట మళ్లీ అందుకున్నాడు. “నువ్వు పోయి విని, నాకు చెప్పు.”

బస్సు కోదాడ దాటింది. భిక్షం కిటికీ పక్కన కూర్చున్నాడు. బరువేదో దించుకున్నట్టు ఉన్నాడు, అలసటగా కూడా ఉన్నాడు. కొంతసేపటికి తనే పలకరించాడు.

“విశాఖపట్నం దాకా ఎట్ల పోతవ్? బెజవాడల రైలెక్కాలె గదా. ఒక్కదానివే పోతవా?”

అతను అలా అడగడం, దారి గురించి ఆలోచించడం, స్వరాజ్యం ఊహించలేదు. ఇంకో మాట చెప్పకపోతే ఈ శాంతి ఇలాగే ఉంటుంది. పెంటమ్మ మాట దాచిందంటే అది పెంటమ్మది కాబట్టి. ఇది యాకోబు తన చేతికే వదిలిన మాట. చదువు సంగతి సేటు నోట విన్నప్పుడు నాయన ముఖం ఎలా అయిపోయిందో ఆమెకు గుర్తొచ్చింది. మళ్లీ ఇంకెవరి నోటో వింటే?

“నాయినా,” అంది. “యాకోబు మామ నన్ను ఆపి ఒక మాట చెప్పిండు. ఆ ఆఫీసరు విశాఖపట్నంల ఉన్నడట. ఆ సదువు చెప్పే సార్లల్ల ఆయన ఒకడట. నేను ఆయన కాడికే పోతున్న.”

భిక్షం కదల్లేదు. ముందు సీటు కమ్మీ మీద ఉన్న అతని చేతి వేళ్లు మాత్రం మెల్లగా బిగుసుకున్నాయి. బస్సు ఎక్కడో ఆగింది, ఎవరో దిగారు, ఎవరో గడ్డిమోపుతో ఎక్కబోయి కండక్టరుతో తగాదా పడ్డారు. మళ్లీ కదిలింది. స్వరాజ్యం తండ్రి నోటి నుంచి వద్దన్న మాట కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. దానికి ఏం జవాబు చెప్పాలో కూడా అనుకుంది.

“నీ ఇంటర్వ్యూ ఎప్పుడు?” అని అడిగాడు భిక్షం.

“వచ్చే సోమవారం.”

“నేను గూడ వస్త.”

“ఎందుకు నాయినా?”

అతను కిటికీ వైపు తిరిగాడు.  “వస్త” అన్న ఆ మాట తోడుగా వచ్చే తండ్రిదో, ఏళ్లుగా ఒక మనిషి ఎదురుపడాలని కాచుకుని ఉన్న సంఘం కార్యదర్శిదో, పక్కనే కూర్చున్న స్వరాజ్యానికి తెలియలేదు.